నిబ్బరం గారి పదమూడు పేజీలు

హాస్టల్, మూడో అంతస్తు గది
జూన్ 3

మామయ్యా,

ఫోనులో మీకు సగం మాట వినపడదు. వినపడిన సగాన్ని అత్తయ్య మధ్యలో దూరి మార్చి చెబుతుంది. అందుకని కాగితం మీదికి దిగాను. ఇకనుంచి మన మాటలన్నీ ఇలాగే. జవాబు రాయకపోయారో, నేనే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాను.

అసలు సంగతి వినండి. మీరు పనిచేసిన ల్యాబులోనే చేరానని మీకు తెలుసు. మీ బల్లే నాకిచ్చారని తెలియదు కదా! కిటికీ పక్కది. పొగలు లాగేసే హుడ్ గాజు తలుపు ఎడమవైపు ఇరుక్కుంటుంది, మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే గానీ పైకి పోదు. మీ కాలంలోనూ అంతేనట. ఇక్కడ మీ అసలు పేరు ఒక్కరికీ తెలియదు. స్టోరు తాత దగ్గర్నుంచి అందరూ "నిబ్బరం గారు" అనే అంటారు. బ్యూటైల్ లిథియం సీసాలో సూది దింపితే మీ చేయి రవ్వంత కూడా కదిలేది కాదట. నేను నిబ్బరం గారి మేనకోడల్నని తెలిశాక స్టోరు తాత నాకు కొత్త గ్లౌజులు రెండు జతలు ఎక్కువ ఇచ్చాడు.

ఇంకా ఉంది. పంతొమ్మిదేళ్ల కింద మీరు తయారుచేసి పక్కన పెట్టిన ఆ మందు ముడిసరుకు మళ్లీ ఎవరికో కావాలట. పెద్ద మేడం బీరువాలోంచి మీ నోట్‌బుక్ తీసి నా చేతిలో పెట్టి, "చివరి పేజీలో ఉన్నట్టు చెయ్యి, ఎనభై రెండు శాతం దిగుబడి రావాలి" అన్నారు. ఎనిమిది నెలల పని, పదమూడు పేజీలు. మీ గుండ్రటి చేతిరాత చూడగానే అందరి ముందూ నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ప్రతి పేజీ అడుగున మీ సంతకం, పక్కనే "చదివాను, అర్థమైంది" అని సాక్షి సంతకం. ఆ సాక్షి ఎవరనుకున్నారు? మా పెద్ద మేడమే! అప్పటికి కొత్తగా చేరారట.

ఇంతకీ అక్కడ ఏం చేస్తావే అని అమ్మ అడిగింది. "సబ్బు, సున్నం లాంటివి క్షారాలు కదమ్మా, ఈ బ్యూటైల్ లిథియం వాటన్నిటికీ ముత్తాత. ఎదుటి అణువులోంచి ఒక హైడ్రోజన్‌ను గుంజేసుకుంటుంది. ఖాళీ అయిన చోట మనకు కావలసిన ముక్క అతికించుకుంటాం" అన్నాను. "గుంజుకునేవాళ్లతో జాగ్రత్త" అంది.

నిన్న మొదటిసారి చేశాను. మీరు రాసినట్టే ముప్పై మిల్లీలీటర్లు పోశాను. చివరికి ఫ్లాస్క్‌లో మిగిలింది నల్లటి జిగురు. దిగుబడి ముప్పై ఎనిమిది. ఎక్కడ తప్పానో చెప్పండి.

మీ పిడుగు

*

వంటింటి బల్ల దగ్గర
జూన్ 9

పిడుగూ,

నీ ఉత్తరం ముందు మీ అత్తయ్య చదివి, తర్వాత నాకిచ్చింది. "మధ్యలో దూరి మార్చి చెబుతుంది" అన్న చోట వేలు పెట్టి మరీ చూపించింది. ఈసారి నువ్వొచ్చినప్పుడు నీకుంది.

ఆ బ్యూటైల్ లిథియంని మేం బ్యూలి అనేవాళ్లం, మనిషిని పిలిచినట్టు. ఆవిడకి గాలి పడదు, తడి పడదు. మీ అత్తయ్యకి మా అక్క ఎంత పడుతుందో, ఆవిడకి నీళ్లు అంత పడతాయి. (ఈ వాక్యం మీ అమ్మకి వినిపించకు.) కాబట్టి గాజు సామాను ముందు రోజే ఓవెన్‌లో పెట్టు. వేడి తగ్గకముందే బిగించి నైట్రోజన్ వదులు. ద్రావకం ఏ రోజుది ఆ రోజే తడి లేకుండా చేసుకో. డ్రై ఐస్ తొట్టి సున్నాకి డెబ్భై ఎనిమిది డిగ్రీలు కిందికి దిగిందా లేదా అన్నది థర్మామీటరు చెప్పాలి, నీ నమ్మకం కాదు. బ్యూలిని చుక్క చుక్కగా, నలభై నిమిషాలకు తక్కువ కాకుండా పొయ్యి. సిరంజి సగానికి మించి నింపకు. ఎవరు తొందరపెట్టినా సరే, రెండుసార్లు తియ్యి గానీ ఒకేసారి నింపకు. పక్కన ఇసుక బకెట్ ఉందో లేదో చూసుకున్నాకే సూది ముట్టుకో.

మొదటిసారి ముప్పై ఎనిమిది అంటే మరీ తీసిపారేసేది కాదు. నీ చేయి అలవాటు పడాలి, అంతే.

ఆ నిబ్బరం గారు అనే మాట మాత్రం వద్దని చెప్పు అక్కడ. ముసలాణ్ణయ్యాక ఇంకా ఆ ముద్దుపేర్లేమిటి.

మామయ్య

*

హాస్టల్ గది
జూలై 2

మామయ్యా,

మీరు చెప్పినవన్నీ చేశాను. ఒక్కటీ వదల్లేదు. ఓవెన్, నైట్రోజన్, థర్మామీటరు, ఇసుక బకెట్. నాలుగుసార్లు చేశాను. నలభై ఒకటి, ముప్పై తొమ్మిది, ముప్పై ఆరు, నలభై. ప్రతిసారీ అదే నల్ల జిగురు. ఫ్లాస్కులు కడిగి కడిగి నా గోళ్లు చూస్తే మీరే జాలిపడతారు.

ప్రతిసారీ బ్యూలి బలం, అంటే సీసాలో ఎంత గాఢంగా ఉందో, అది కూడా చూస్తున్నాను. సీసా మీద 1.6 అని ఉంటుంది గానీ దాన్ని నమ్మకూడదని ఇక్కడ మొదటి రోజే చెప్పారు. కొలిచిన పొడిని ద్రావకంలో కరిగించి, బ్యూలి చుక్కలు వదులుతూ ఉంటే పసుపు రంగు వస్తుంది, పోతుంది, వస్తుంది, పోతుంది. ఒక చుక్క దగ్గర ఆ పసుపు పోకుండా నిలుస్తుంది. అప్పటికి ఎన్ని చుక్కలు పోశామో దాన్నిబట్టి అసలు బలం లెక్క. నాకు 1.58 వస్తోంది. దాన్ని బట్టే మీ ముప్పై పోస్తున్నాను. ఆ పసుపు నిలిచే క్షణం ఎంత బాగుంటుంది మామయ్యా! మీకూ అలాగే అనిపించేదా?

నిన్న అంకె ఒకటి తప్పు రాసి దాని మీదే దిద్దబోతుంటే పెద్ద మేడం వెనక నుంచి చూశారు. "ఇక్కడ తప్పును మాయం చేయం. ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది కనబడాలి. పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ" అన్నారు. తర్వాత నా దిగుబడులు చూసి, "నీ చేయి కుదరడం లేదమ్మాయ్. ఆగస్టు ఇరవైన సమీక్ష. అప్పటికి రాకపోతే ఈ పని ఇంకొకరికిస్తాను. నిన్ను లేబుల్ గదికి పంపిస్తాను" అన్నారు.

లేబుల్ గది అంటే సీసాలకు చీటీలు అతికించే గది. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి బల్ల దగ్గరికి రాలేదట.

నేను ఈ బల్ల వదలను. చిన్నప్పుడు మీరు మా వంటింట్లో వెనిగర్‌లో సోడా వేసి నురగ పొంగించినప్పుడే నేనేం కావాలో తేల్చుకున్నాను. అమ్మ ఆ రోజు మిమ్మల్ని తిట్టిన తిట్లు గుర్తున్నాయా? నాలుగు కాదు, నాలుగు వందలసార్లైనా చేస్తాను. కానీ మీ చేతి వాటం నాకు రాలేదేమోనని మాత్రం దిగులుగా ఉంది.

పిడుగు

*

వంటింటి బల్ల దగ్గర
జూలై 8

పిడుగూ,

నీ చేతికేం కాలేదు. నోరు మూసుకుని ఆ మాట వెనక్కి తీసుకో.

ఈసారి ముప్పై కాకుండా నాలుగో వంతు తగ్గించి పోసి చూడు. ఇరవై రెండున్నర. మిగతాదంతా నువ్వు చేస్తున్నట్టే చెయ్యి.

ఎందుకని అడక్కు. చేసి చూడు.

అత్తయ్యకి మోకాలు నొప్పి. ఇంకేం లేదు.

మామయ్య

*

ల్యాబు, కిటికీ బల్ల
జూలై 17

మామయ్యా! మామయ్యా! మామయ్యా!

ఎనభై! అక్షరాలా ఎనభై! జిగురు లేదు, నలుపు లేదు, తెల్లటి పొడి, చూస్తే చేత్తో తీసుకుని చల్లాలనిపించేంత ముద్దుగా ఉంది. నమ్మకం కుదరక మళ్లీ చేశాను. ఎనభై ఒకటి. హుడ్ తలుపు మూసేసి, ఎవరూ చూడకుండా రెండు గెంతులు గెంతాను. స్టోరు తాత చూశాడనుకోండి.

అయితే సంబరం మధ్యాహ్నం దాకానే. మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ అంకె చూసి నవ్వలేదు. మీ నోట్‌బుక్ తెరిచారు. మొదటి పేజీలో మీరూ ఇరవై రెండున్నరే పోశారు, ఎనభై వచ్చింది! చివరి పేజీలో ముప్పై పోశారు, ఎనభై రెండు వచ్చింది. నేను చివరి పేజీనే పట్టుకుని వేలాడాను, మొదటిది తొలి ప్రయత్నమే కదా అనుకుని. మేడం రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, "రెండు చోట్లా బలం 1.6 అనే ఉంది. ఒకే బలానికి అక్కడ ఇరవై రెండున్నర, ఇక్కడ ముప్పై ఎందుకు? ముప్పై పోస్తే నీకు జిగురు, ఆయనకి ఎనభై రెండు. ఎందుకు? కారణం రాసిపెట్టకుండా దీన్ని పెద్ద పాత్రలో పోయనివ్వను. సమీక్షకి దిగుబడి తేవడం కాదు, కారణం తీసుకురా. లేకపోతే నాకు ఇది అదృష్టంతో సమానం, అదృష్టాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టను" అన్నారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? రేపు ఇరవై లీటర్ల పాత్రలో ఎవరో ఈ కాగితం చూసి పోస్తారు. ఇంత మంటపుట్టే సరుకు ఎంత పోయాలో ఎందుకో తెలియకుండా ఎలా?

కాబట్టి చెప్పండి. మీకెలా తెలిసింది నాలుగో వంతు తగ్గించాలని? మధ్యలో మీరెందుకు పెంచుకుంటూ పోయారు? ఒక్క నాలుగు వాక్యాలు రాయండి చాలు, సమీక్షలో నేను దంచేస్తాను.

పిడుగు

*

వంటింటి బల్ల దగ్గర
జూలై 24

పిడుగూ,

ఎనభై ఒకటి వచ్చిందని చదివి అత్తయ్యకి రెండుసార్లు వినిపించాను. చాలా సంతోషం.

పంతొమ్మిదేళ్ల కిందటి మాట, ఏం గుర్తుంటుంది చెప్పు. ఇక్కడ పై కప్పు కారుతోంది. వరండాలో రెండు గిన్నెలు పెట్టాం. మేస్త్రీ రేపు రేపు అంటూ వారం గడిపాడు. అత్తయ్య మోకాలికి డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఆవిడ పొద్దుటి నుంచీ మెట్లే ఎక్కుతోంది.

మీ మేడం అడిగితే అనుభవం అని రాసెయ్. పెద్దవాళ్లు అలాగే రాస్తారు.

మామయ్య

*

హాస్టల్ గది
ఆగస్టు 7

మామయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. కప్పు బాగుచేయించారని తలుస్తాను. అత్తయ్య గారి మోకాలు జాగ్రత్త.

మీకు పనికొస్తుందో లేదో గానీ ఒక సమాచారం. నా సీసాలో జూన్ మొదటి నుంచీ సూదులు దింపుతూనే ఉన్నాను. దింపినప్పుడల్లా కాస్త గాలి, కాస్త తడి లోపలికి పోతుంది కదా. మొదట్లో బలం 1.58. జూలై మధ్యలో 1.55. నిన్న 1.51. రెండు నెలలకే ఇంత దిగింది. మీ సీసా ఎనిమిది నెలలు వాడారు. పదమూడు పేజీల్లోనూ "బలం చూశాను, 1.6" అని ఉంది. పదమూడుసార్లూ అదే అంకె, అదే సిరా, ఒక్క గీత కొట్టిన జాడ కూడా లేదు. పోసింది మాత్రం ఇరవై రెండున్నర, ఇరవై అయిదు, ఇరవై ఎనిమిది, ముప్పై.

నేను మిమ్మల్ని ఏమీ అడగడం లేదు. ముందు ఉత్తరంలో అడిగింది మర్చిపోండి.

సమీక్షలో ఏం చెప్పాలో తేల్చుకున్నాను. మొదటి అయిదుసార్లూ నేనే బలం తప్పు చూశానని చెబుతాను. రబ్బరు మూత వదులై, బ్యూలి కరిగి ఉండే హెక్సేన్ ఎగిరిపోయి నా సీసా బాగా చిక్కబడిందని, నేను గమనించలేదని చెబుతాను. అప్పుడు మీ ముప్పై ఒప్పే అవుతుంది, నా ఇరవై రెండున్నరా ఒప్పే అవుతుంది. నా చేయి ఒక్కటే తప్పు. మేడం ఒక తిట్టు తిడతారు. లేబుల్ గదికి కూడా కిటికీ ఉందట, స్టోరు తాత చెప్పాడు.

మీ నోట్‌బుక్‌ను బీరువాలో ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టేశాను. ఇక్కడ అందరూ మిమ్మల్ని నిబ్బరం గారనే అంటారు. అలాగే అననివ్వండి. మీరేం బెంగపెట్టుకోకండి.

మీ మేనకోడలు

*

వంటింటి బల్ల దగ్గర
ఆగస్టు 12

అమ్మాయీ,

నువ్వెవరివి నా తప్పు నీ నెత్తిన వేసుకోవడానికి? నేను చచ్చానా? "మామయ్య గారికి" అని నువ్వు రాసిన ఆ ఒక్క మాట నాకు చెంపదెబ్బ. తగిన దెబ్బే. ఇక విను, ఏదీ దాచకుండా చెబుతున్నాను.

నా ఎడమ చేతి వెనక ఆ ముడతల మచ్చ నీకు తెలుసు. మరిగే నీళ్లు ఒలికాయని అందరికీ చెప్పాను. అది నీళ్లు కాదు. మొదటి పేజీ రాసిన వారానికి, తొందరలో సిరంజి నిండా లాగాను. వెనక పిడి జారి ఊడి వచ్చింది. బ్యూలి చేతి మీద పడింది. గాలి తగలగానే అంటుకుంది, గ్లౌజు కరిగి చర్మానికి అతుక్కుపోయింది. చేతిని ఇసుక బకెట్‌లో దూర్చాను. మధ్యాహ్నం భోజనాల వేళ కాబట్టి ల్యాబులో ఎవరూ లేరు. హుడ్ తుడిచేశాను, ఇసుక మార్చేశాను, ఎవరికీ చెప్పలేదు. అప్పటికే నాకు ఆ నిబ్బరం గారనే పేరు పడింది. ఆ పేరు నిలబెట్టుకోవాలని అంత పని చేశాను.

ఆ తర్వాత సూది పట్టుకుంటే చేయి వణికేది. కొద్దిగా కాదు, సూది కొన రబ్బరు మూత మీద టకటకా కొట్టుకునేంత. ఎవరైనా చూస్తారని పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి పని ముగించేవాణ్ణి. నిబ్బరం అని వాళ్లు చెప్పుకున్నదాంట్లో సగం ఎవరూ చూడనిదే. బలం చూడాలంటే మూడుసార్లు సూది దింపాలి. నేను ఆ మూడుసార్లూ తప్పించుకున్నాను. మొదటి పేజీ ఒక్కటే నిజం పిడుగూ. ఆ రోజు నిజంగా చూశాను, పసుపు నిలిచింది, నీకులాగే నాకూ ఆనందం వేసింది. తర్వాత పన్నెండు పేజీలు ఆ 1.6నే ఎత్తి రాశాను. సీసా బలం పడిపోతూ ఉంటే దిగుబడి తగ్గేది. బలం చూసే ధైర్యం లేక, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఎక్కువ పోసుకుంటూ పోయాను. ముప్పై దగ్గర ఎనభై రెండు వచ్చింది. అదే పద్ధతి అని రాసి సంతకం పెట్టేశాను. ఆ రోజు సీసా బలం ఏ 1.2నో అయి ఉంటుంది. నీ సీసా బాగుంది, నువ్వు నిజంగా చూస్తున్నావు, అందుకే నీకు జిగురు వచ్చింది. నీ నిజాయితీ వల్లే నువ్వు ఓడిపోయావు. నువ్వు 1.58 అని రాసిన ఉత్తరం చదివిన క్షణమే నాకు తెలిసిపోయింది. అప్పుడైనా చెప్పాల్సింది. ఇరవై రెండున్నర అని గొణిగి తప్పించుకున్నాను. సిగ్గుగా ఉంది.

ఆ ఏడాది ఆఖర్లో ల్యాబు మానేసి బడిలో సైన్స్ గది చూసుకునే పనిలో చేరాను. పిల్లలంటే ఇష్టమని చెప్పాను. ఇష్టమే, అది అబద్ధం కాదు. కానీ నేను వెళ్లింది అక్కడ బ్యూలి ఉండదని.

నీకు రాసే ముందు మీ అత్తయ్యకి చెప్పాను. ఆవిడ వింటూ వింటూ, "నాకు తెలుసు లెండి. మరిగే నీళ్లకి గ్లౌజు కరిగి చేతికి అంటుకుంటుందా?" అంది. పంతొమ్మిదేళ్లు తెలిసీ ఊరుకుంది. మీ అత్తయ్య గురించి ఇకముందు ఒక్క మాట అన్నావంటే చూడు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. సమీక్షలో నీ చేయి తప్పని ఒక్క మాట కూడా అనకు. ఆ నోట్‌బుక్ గేటు దాటి బయటికి రాదని నాకు తెలుసు, ఆ నియమం నేనున్నప్పటిదే. కాబట్టి నేనే వస్తున్నాను. పంతొమ్మిదో తారీకు పొద్దున పది గంటలకి. బీరువా తాళం తీయించి ఉంచు. నల్ల పెన్ను నేనే తెచ్చుకుంటాను.

మామయ్య

*

వంటింటి బల్ల దగ్గర
ఆగస్టు 22

పిడుగూ,

క్షేమంగా ఇల్లు చేరాను. మొన్న మీ మేడం నిన్ను బయట నిలబెట్టి తలుపు వేసుకుంది కాబట్టి, లోపల జరిగింది నీకు తెలియాలి. నేను బయటికి వచ్చాక నువ్వు మొహం చూసి ఏమీ అడగలేదు, టీ తెచ్చి పెట్టావు. ఇంకొకరైతే ప్రాణం తీసేవాళ్లు.

జరిగిందంతా ఆవిడకి చెప్పాను. చేయి చూపించమంది. చూపించాను. చాలాసేపు చూసింది. తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే: "నేనెందుకు బల్ల వదిలి ఆఫీసు కుర్చీకి వచ్చానో మీకు తెలుసా?" తెలియదన్నాను.

"బ్యూలి సీసా దగ్గర నాకు చేయి వణికేది. సంతకం పెట్టేటప్పుడు మీ పేజీలు పైపైన చూసేదాన్ని. పదమూడుసార్లు చూసినా ఒకటే అంకె, ఒక్క దిద్దుబాటు లేదు. ఆయన అంత నిబ్బరంగా ఉంటే నాకు చేతకావడం లేదు, ఇది నా పని కాదు అనుకున్నాను. మీరు వెళ్లిన మరుసటి ఏడు నేనే అడిగి కుర్చీలోకి మారాను. నాకు బల్ల అంటే ఎంతిష్టమో మీకేం తెలుసు?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

క్షమించమన్నాను. "అది తర్వాత, ముందు పని చూడండి" అంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రెండో పేజీ తీశాను. "బలం చూశాను, 1.6" మీద ఒక్క గీత. కింద ఉన్నది కనబడేలా. పక్కన "బలం చూడలేదు. ముందు పేజీ అంకె ఎత్తి రాశాను." సంతకం, ఆ రోజు తేదీ. ఇలా పన్నెండు పేజీలు. చేయి వణికింది, రెండు చోట్ల గీత వంకరపోయింది. పోతే పోయింది. చివరి పేజీలో ముప్పై ఎందుకైందో కింద నాలుగు వాక్యాలు రాశాను. నువ్వు అడిగిన ఆ నాలుగు వాక్యాలే, నెల ఆలస్యంగా.

లేవబోతుంటే ఆవిడ కూర్చోమంది. నోట్‌బుక్ తన వైపు తిప్పుకుంది. నా చేతిలోని పెన్నే తీసుకుని, రెండో పేజీ అడుగున "చదివాను, అర్థమైంది" అన్న తన మాట మీద ఒక్క గీత కొట్టింది. పక్కన రాసింది: "చదవలేదు." సంతకం, తేదీ. పేజీ తిప్పింది. మళ్లీ అదే. పన్నెండుసార్లు. ఆ పన్నెండు పేజీలూ తిరగేసేదాకా మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

నీ బల్ల నీదేనని ఆవిడ నాతో అనలేదు. "రేపు సమీక్షలో కారణం ఆ అమ్మాయే చెప్పాలి, అందరితోపాటు నేనూ వింటాను" అంది అంతే. నువ్వేం చెప్పావో, వాళ్లేమన్నారో వెంటనే రాయి. ఇక్కడ అత్తయ్య పోస్టు మనిషి కోసం మెట్ల మీదే కూర్చుంటోంది, మోకాలి సంగతి మర్చిపోయి.

నీ మామయ్య

*

ల్యాబు, కిటికీ బల్ల
ఆగస్టు 29

మామయ్యా,

అత్తయ్యని ముందు మెట్ల మీంచి లేవమనండి. ఉత్తరం వచ్చేసింది. ఆవిడ గురించి నేను రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఆవిడే ముందు చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

సమీక్షలో మీ పన్నెండు పేజీలూ అందరి ముందు పెట్టాను. దాచలేదు, మెత్తగా చెప్పలేదు. మీరు కొట్టిన గీతలు చూపించి, నా సీసా బలం వారం వారం ఎలా దిగిందో పక్కన గీసి చూపించాను. చెబుతున్నప్పుడు ఏడుపొచ్చింది, మింగేశాను. ఒకాయన "అంటే మనం ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న పద్ధతి తప్పా?" అన్నాడు. "తప్పే. ఇప్పుడు దిద్దాం" అన్నారు మేడం. బల్ల నాదే. పెద్ద పాత్రలో వచ్చే నెల పోస్తారు, ఇరవై రెండున్నర లెక్కన, పోసే రోజున బలం చూసి మరీ.

ఆ పన్నెండు పేజీలు తలుచుకుంటే మీ మీద కోపం ఇంకా మిగిలే ఉంది, దాస్తే మళ్లీ అదే కథ అవుతుంది కాబట్టి రాస్తున్నాను. కానీ ఈ వయసులో రైలెక్కి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు చూడండి, నాకు ఆ మామయ్యే కావాలి. స్టోరు తాత మిమ్మల్ని ఇప్పటికీ నిబ్బరం గారనే అంటున్నాడు. మేడం విన్నారు, ఆ మాట మాత్రం దిద్దలేదు.

ఇవాళ పొద్దున కొత్త ప్రయత్నం మొదలుపెట్టాను. బలం చూస్తుంటే మేడం వచ్చి పక్కన నిలబడ్డారు. ఇన్నాళ్లలో ఎప్పుడూ రాలేదు. ఆవిడ చూస్తున్నారని కాబోలు, రెండోసారి సూది దింపుతుంటే నా చేయి వణికింది. సూది తీసేసి ఆగాను. ఆవిడ నా చేతి వంక చూసి, "వణికిందా?" అన్నారు.

"వణికింది మేడం."

"నాకూ వణికేది. రాయి."

పసుపు నిలిచాక ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, నేను రాసింది మొదటి అక్షరం నుంచీ వేలు పెట్టి చదివారు. చదివాకే సంతకం చేశారు. పేజీ గేటు దాటకూడదు గానీ మాట దాటొచ్చు కదా, అందుకని మీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"బలం చూశాను, 1.48. మూడుసార్లు. రెండోసారి చేయి వణికింది. ఆగి, మళ్లీ చేశాను."

మీ పిడుగు